ఎండాకాలం సెలవుల్లో ఊళ్లో రీసెర్చ్ ప్రాజెక్టు: మొదటి నుంచి చివరి దాకా ఎట్లా చేయాలి

ఫిబ్రవరి దాటిందంటే చాలు, డిగ్రీ పిల్లల నుంచి ఒకటే మాట. "సార్, ఈ సెలవుల్లో ఏదన్నా ఊరికి పోయి రీసెర్చ్ చేద్దామనుకుంటున్నం. ప్రశ్నావళి ఫార్మాట్ ఉంటే పంపండి." హనుమకొండ, నర్సంపేట, మహబూబాబాద్, జనగామ, ములుగు... ఎక్కడి నుంచి అడిగినా ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒక్కచోట వరసగా రాస్తే ఎక్కువ మందికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. ప్రశ్నావళి ఆరో పని. దానికంటే ముందు ఐదు పనులున్నాయి. వాటిని వదిలేసి ప్రశ్నావళితో మొదలుపెట్టిన ప్రాజెక్టు చివరికి నిలబడటం నేనైతే చూడలేదు.

ఇక్కడ చెప్పే పద్ధతి ఇద్దరి నుంచి నలుగురు విద్యార్థులకు, ఒక్క ఊరికి, ఒక్క ప్రశ్నకు సరిపోతుంది. మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా సాగే పని ఇది. అందులో ఊళ్లో గడిపేది పదిహేను రోజుల దాకా ఉంటుంది. ఖర్చంతా జిరాక్సులు, బస్సు చార్జీలు, తిండికే. ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం కాబట్టి ఆధార్ కార్డు వెంట ఉంచుకుంటే సరి.

1. ముందు ఊరి క్యాలెండర్ చూడండి

మనకు సెలవులంటే ఊరికి తీరిక అనుకుంటాం. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఎండాకాలం తీరికేమీ కాదు. మార్చిలో మిరప ఏరుతుంటారు. ఏప్రిల్, మేలలో యాసంగి వరి కోతలు, ఆ తర్వాత కొనుగోలు కేంద్రాల దగ్గర వడ్లకు కాపలా. ఉపాధి పనులకు పోయేవాళ్లు తెల్లారక ముందే ఇల్లు కదులుతారు. ములుగు, భూపాలపల్లి వైపు అయితే తునికాకు సీజన్‌లో ఇంటిల్లిపాదీ అడవిలోనే. నడుమ పెళ్లిళ్లు. రోహిణి కార్తె పోయి మిరుగు (మృగశిర కార్తె) వచ్చిందంటే దుక్కులు, పత్తి గింజలు, ఇక మీతో మాట్లాడేంత సమయం ఎవరికీ ఉండదు.

కాబట్టి పని ఇట్లా పంచుకోండి:

- మార్చి: గైడ్‌గా ఉండే లెక్చరర్‌ను ఒప్పించడం, ఊరు ఎంచుకోవడం, ఉత్తరాలు
- ఏప్రిల్ మొదటి రెండు వారాలు: ఊరికి రెండు మూడు సార్లు పోయి వినడం
- ఏప్రిల్ చివరి వారాలు: ప్రశ్నావళి, ఐదు ఇళ్లలో ట్రయల్
- మే 1 నుంచి 20 దాకా: అసలు ఇంటర్వ్యూలు
- మే చివరి పది రోజులు: లెక్కలు
- జూన్ మొదటి వారం, మిరుగుకు ముందే: ఊళ్లో చదివి వినిపించడం

సెమిస్టర్ పరీక్షలు మేలో పడితే టెన్షన్ పడొద్దు. ఇళ్ల సంఖ్య తగ్గించుకోండి. 60 ఇళ్లకు బదులు 30 చాలు. పనిని జూన్ నడుమ దాకా లాగడం మాత్రం వద్దు.

2. ఎవరి తరఫున పోతున్నారో తేల్చుకోండి

దీనికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు, కానీ ఏదో ఒక అండ ఉండాలి. కాలేజీ లెటర్ లేకుండా ఇంటింటికీ తిరిగితే ఎవరైనా అనుమానిస్తారు.

మీ కాలేజీ ఉన్నత్ భారత్ అభియాన్‌లో ఉందేమో అడగండి. 2014లో మొదలైన ఈ కార్యక్రమంలో కాలేజీలు కొన్ని ఊళ్లను దత్తత తీసుకుంటాయి. అట్లా తీసుకున్న ఊళ్లలో కాలేజీ పేరు ముందే తెలిసి ఉంటుంది. ఎన్.ఎస్.ఎస్. స్పెషల్ క్యాంపు జరిగిన ఊరైనా మంచిదే. ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పిల్లలకు 'జిజ్ఞాస' స్టడీ ప్రాజెక్టుల పోటీ ఉంది. ఎండాకాలంలో చేసిన పనిని తర్వాత దానికి మలుచుకోవచ్చు. చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు ఉన్నవాళ్లకు కూడా ఇదే పని అక్కరకొస్తుంది.

ఎంబీబీఎస్ చదివేవాళ్లకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉంది. దానికి ఎథిక్స్ కమిటీ (రీసెర్చ్ వల్ల మనుషులకు హాని లేకుండా చూసే కమిటీ) అనుమతి తప్పనిసరి. సైన్స్ విద్యార్థులకు దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ ఉంది కానీ అది ఎక్కువగా ల్యాబ్ పని. దరఖాస్తులు కూడా ఎండాకాలానికి చాలా ముందే, చలికాలంలోనే అయిపోతాయి.

ఇవేవీ కుదరకపోయినా ఫరవాలేదు. ప్రిన్సిపాల్ సంతకంతో ఒక లెటర్, ఫోన్ చేస్తే ఎత్తే ఒక లెక్చరర్ ఉంటే చాలు, పని మొదలుపెట్టొచ్చు.

3. ఊరు ఎంచుకోవడం

"మా ఊరే తీసుకోవచ్చా?" అని చాలామంది అడుగుతారు. నా సలహా: మీ మండలమే, కానీ మీ ఊరు కాదు. సొంతూళ్లో మీరు విద్యార్థి కాదు, ఫలానా వాళ్ల బిడ్డ. అప్పుల సంగతో, భూమి తగాదా సంగతో మీకు చెప్తే రేపు మీ ఇంట్లో తెలుస్తుందని జనం జంకుతారు. పక్క ఊరైతే యాస, పంటలు, పద్ధతులు మీకు తెలిసినవే ఉంటాయి, ఆ జంకు మాత్రం ఉండదు.

ఇంకొన్ని చూసుకోవాల్సినవి:

- 200 నుంచి 400 ఇళ్ల ఊరైతే అన్ని వాడలనూ కలుపుకోవచ్చు
- పొద్దున 6 గంటలకు చేరే బస్సు, రాత్రి 8 తర్వాత తిరిగొచ్చే బస్సు. లేకపోతే ఉండటానికి ఒక ఇల్లు
- మీలో కనీసం ఒక్కరికైనా అక్కడ తెలిసిన మనిషి: అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త, బడి సారు, ఎవరైనా
- తండా అయితే లంబాడీ, గూడెం అయితే అక్కడి భాష తెలిసిన ఒకరు మీ టీమ్‌లో ఉండాలి. ముసలివాళ్లు సొంత భాషలో చెప్పేది వేరు, తెలుగులో చెప్పేది వేరు.

4. ప్రశ్న ఊళ్లో నుంచే రావాలి

మిగతావన్నీ నేర్చుకుంటే వస్తాయి. ఇది మాత్రం ఓపికతోనే రావాలి. మొదటి రెండు సార్లు ఊరికి పోయినప్పుడు చేతిలో ఫారం పెట్టుకోకండి. చిన్న నోట్‌బుక్ జేబులో ఉంటే సరిపోతుంది. అది కూడా మాట్లాడేటప్పుడు తీయొద్దు, బస్సులో తిరిగొచ్చేటప్పుడు రాసుకోండి.

ఎక్కడ కూర్చోవాలి? పొద్దున నల్లా దగ్గర, వడ్ల కల్లం దగ్గర, మహిళా సంఘం మీటింగ్‌లో, సాయంత్రం చాయ్ హోటల్ ముందు. ఒక్క చోటే కూర్చుంటే ఒక్క వైపే వినిపిస్తుంది. చాయ్ హోటల్ దగ్గర ఆడవాళ్లు ఉండరు. సంఘం మీటింగ్‌లో ఒంటరి ముసలివాళ్లు ఉండరు.

ఒకసారి ముగ్గురు అమ్మాయిలు తాగునీటి నాణ్యత మీద చేస్తామని వచ్చారు. టాపిక్ మంచిదే, నేనూ సరేనన్నాను. రెండో రోజు పొద్దున నల్లా దగ్గర నిలబడితే ఒకామె బిందె నింపుకుంటూ అన్నది: "నీళ్లు మంచిగనే ఉన్నయి బిడ్డా. వచ్చే టైమే మంచిగ లేదు." నల్లా వచ్చేది ఐదున్నరకు. మిరప ఏరే కూలీలను తీసుకుపోయే ఆటో కదిలేది కూడా ఐదున్నరకే. అందుకని నీళ్లు పట్టడానికి ఇంట్లో పెద్ద పిల్ల ఆగిపోతుంది. ఆ పిల్ల బడికి ఆలస్యమవుతుంది, లేకపోతే కూలి పోగొట్టుకుని తల్లే ఆగుతుంది.

ఆ రోజే ప్రశ్న మారిపోయింది. "నల్లా నీళ్లు ఎంత శుభ్రం?" అన్నది పోయి, "నల్లా వచ్చే టైముకు ఎవరి ఇంట్లో ఎవరు ఆగిపోతున్నారు, దాని వల్ల ఏం పోగొట్టుకుంటున్నారు?" అయింది. నీళ్ల బాటిల్ పట్టుకుని నేరుగా టెస్టులకు పోయి ఉంటే ఈ సంగతి ఎన్నటికీ బయటపడేది కాదు.

విన్నవాటిలోంచి ఒకటి ఎంచుకున్నాక ఈ మూడూ సరిచూసుకోండి:

- ఇది ఊళ్లో కనీసం నలుగురు వేర్వేరు మనుషులు, వేర్వేరు చోట్ల అన్న మాటేనా?
- మూడు వారాల్లో, ఈ ఊళ్లోనే దీనికి జవాబు దొరుకుతుందా?
- జవాబు తెలిస్తే ఊళ్లో ఎవరికైనా ఏదైనా చేయడానికి వీలుంటుందా?

'గ్రామీణ తెలంగాణలో వ్యవసాయ సంక్షోభం' అన్నది ప్రశ్న కాదు, పుస్తకం పేరు. "ఈ ఊళ్లో కౌలు రైతులు ఈ యాసంగికి పెట్టుబడి ఎక్కడ తెచ్చారు, ఎంత మిత్తికి (వడ్డీకి) తెచ్చారు?" ఇది ప్రశ్న.

మన వైపు ఇంత కొలతలో సరిపోయే ప్రశ్నలు చాలా ఉన్నాయి. వరంగల్ కొత్తవాడలో దరీలు (నూలు తివాచీలు) నేసే మగ్గాలు ఇప్పుడు ఎన్ని నడుస్తున్నాయి, వాటి మీద కూర్చునే వాళ్లలో అందరికంటే చిన్నవాళ్ల వయసెంత? వరంగల్ దరీలకు 2018లో జీఐ (ఫలానా చోటి సరుకు అని చెప్పే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఆ సంగతి మగ్గం మీద కూర్చున్న మనిషికి తెలుసా, తెలిస్తే కూలిలో ఏమైనా తేడా కనిపించిందా? సిరిసిల్ల, జగిత్యాల వైపు బీడీలు చేసే ఇంట్లో వెయ్యి బీడీలకు ఎన్ని గంటలు పడుతున్నాయి, ఆకు కత్తిరించేది ఎవరు, చుట్టేది ఎవరు? 2018 పంచాయతీరాజ్ చట్టంతో గ్రామ పంచాయతీ అయిన తండాలో ఇప్పటికీ ఏ ఏ పనులకు పాత పంచాయతీ ఉన్న ఊరికి పోవాల్సి వస్తోంది? వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్‌లో పనిచేసే ఆడకూలీలకు నీడ, నీళ్లు, బాత్‌రూమ్ ఎంత దూరంలో ఉన్నాయి? ఇవి ఉదాహరణలే. మీ ప్రశ్న మీ ఊరే చెప్పాలి.

ప్రశ్న తేలాక ఏదైనా ఆఫీసు నుంచి పాత లెక్కలు కావాలనిపిస్తే ముందు మామూలుగా అడిగి చూడండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి ఏప్రిల్ దాటనివ్వొద్దు.

5. అనుమతి, ఒప్పుకోలు

ముందు సర్పంచ్‌కు, పంచాయతీ కార్యదర్శికి లెటర్ ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. తండాలో నాయక్‌ను, గోండు గూడెంలో పటేల్‌ను, మిగతా చోట్ల పెద్దమనుషులను కలవండి. ఇది మర్యాద కోసం కూడా, మీ క్షేమం కోసం కూడా. కానీ సర్పంచ్ ఒప్పుకున్నంత మాత్రాన ఊరంతా ఒప్పుకున్నట్టు కాదు. ప్రతి ఇంట్లో ప్రతి మనిషిని విడిగా అడగాలి.

జనానికి సర్వే అంటే గుర్తొచ్చేది సర్కారు సర్వేనే. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే, 2024 నవంబరులో ఇంటింటి కులగణన... ఫారం పట్టుకుని ఎవరొచ్చినా "పింఛన్ తీసేస్తరా? రేషన్ కార్డు ఇస్తరా?" అని అడుగుతారు. ఆ భయం పోగొట్టకుండా రాసుకున్న జవాబుకు విలువ లేదు. ఆ ఆశ పోగొట్టకుండా రాసుకున్నదానికీ అంతే.

గడపలో నిలబడి చెప్పాల్సిన మాట ఇది. కాగితం చూసి చదవొద్దు, నోటికి వచ్చేదాకా ఇంట్లో చెప్పుకోండి:

"నమస్తే అమ్మా. మేము ఫలానా కాలేజీల డిగ్రీ చదువుతున్నం. మీ ఊళ్లె నల్లా నీళ్ల మీద ప్రాజెక్టు చేస్తున్నం. సర్కారు తరఫున రాలేదు. మీరు ఏం చెప్పినా పింఛన్ గానీ రేషన్ కార్డు గానీ రాదు, పోదు. మీ పేరు రిపోర్టుల రాయం. ఇరవై నిమిషాలు పడుతది. ఇష్టం లేని ప్రశ్నకు చెప్పకున్నా ఏం కాదు, నడిమిట్ల ఆపమంటే ఆపేస్తం. అడగమంటరా?"

అడిగాక ఆగండి. వాళ్ల నోట "అడుగు బిడ్డా" అన్న మాట రావాలి.

కచ్చితంగా పాటించాల్సినవి:

- ఆధార్ నంబర్, బ్యాంకు వివరాలు అడగొద్దు. అవసరం లేకుండా ఫోన్ నంబర్ కూడా వద్దు
- ఫారం మీద పేరుకు బదులు కోడ్ రాయండి. ఏ కోడ్ ఏ ఇల్లో చెప్పే జాబితా వేరే పుస్తకంలో, గైడ్ దగ్గర ఉండాలి
- 18 ఏళ్ల లోపు పిల్లలతో మాట్లాడాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి, పిల్లలు కూడా ఒప్పుకోవాలి
- వేలిముద్ర అడిగితే చాలామంది భయపడతారు. నోటిమాటతో ఒప్పుకుంటే సరిపోతుందా అని గైడ్‌ను, కాలేజీలో ఎథిక్స్ కమిటీ ఉంటే వాళ్లను ముందే అడిగి పెట్టుకోండి
- ఫొటో తీసేముందు అడగండి. ఫొటోలు మీ స్టేటస్‌లో పెట్టొద్దు
- రోగాలు, గర్భం, ఇంట్లో గొడవలు, ఆత్మహత్యల వంటి వాటిని మొదటి ప్రాజెక్టులో ముట్టుకోవద్దు. వాటికి శిక్షణ ఉండాలి

6. ప్రశ్నావళి తయారీ

ఇప్పుడు రాయండి. ఇరవై ప్రశ్నలు దాటొద్దు. ఒక్కో ప్రశ్న పక్కన "ఈ జవాబుతో నేనేం చేస్తాను?" అని పెన్సిల్‌తో రాసుకోండి. రాయలేకపోతే ఆ ప్రశ్న కొట్టేయండి.

ఇంగ్లీషులో రాసుకుని తెలుగులోకి మార్చొద్దు. ఊళ్లో విన్న మాటలతోనే రాయండి. 'ఖరీఫ్, రబీ' కాదు, వానకాలం, యాసంగి. 'హెక్టారు' కాదు, ఎకరం, గుంట. 40 గుంటలు ఒక ఎకరం. ఒకరు "ఎకరం పది గుంటలు" అంటే ఫారంలో 1.10 అని రాయకండి, అది 1.25 ఎకరాలు. గుంటలకు వేరే గడి పెడితే ఈ తప్పే జరగదు.

అందరికంటే ఎక్కువ తప్పులు పడేది మిత్తి దగ్గర. "వడ్డీ ఎంత శాతం?" అని అడిగితే ఎవరూ చెప్పరు. "నూటికి ఎంత మిత్తి?" అంటే "రెండు రూపాయలు" అంటారు. ఆ రెండు రూపాయలు నెలకు. అంటే ఏడాదికి నూటికి 24. 50,000 అప్పు తెస్తే నెలకు 1,000, ఏడాదికి 12,000 మిత్తే అవుతుంది. ఫారంలో 'నెలకు నూటికి ఎంత' అని ఆ మాటలతోనే గడి పెట్టండి.

"మీ ఆదాయం ఎంత?" అన్నది అడగకూడని ప్రశ్న. కోపం రావడం ఒకటి, నిజంగా ఎవరికీ ఆ అంకె తెలియకపోవడం ఇంకొకటి. దాన్ని ముక్కలు చేయండి. ఈ యాసంగిలో ఎన్ని ఎకరాలు వేశారు? ఎన్ని క్వింటాళ్లు తూకం అయింది? నారు, ఎరువు, హార్వెస్టర్, కూలి ఒక్కోదానికి ఎంత అయింది? లెక్క మీరు తర్వాత చేసుకోండి.

వరస కూడా ముఖ్యమే. ముందు తేలిక ప్రశ్నలు, నడుమ అసలు ప్రశ్నలు, అప్పుల వంటివి చివర్న. ఆఖరి ప్రశ్న ఎప్పుడూ ఇదే: "మేము అడగంది ఇంకేమన్న చెప్పాల్నా?" మంచి జవాబులు నాకు చాలాసార్లు ఇక్కడే దొరికాయి.

ట్రయల్ తప్పనిసరి. మీ జాబితాలో లేని ఐదు ఇళ్లలో అడిగి చూడండి. ఏ ప్రశ్న దగ్గర వాళ్లు "అంటే?" అన్నారో అక్కడ గుర్తు పెట్టండి. ఐదుగురిలో ఇద్దరు అట్లా అన్నారంటే ఆ ప్రశ్న మార్చాలి.

ఫోన్‌లో నింపాలనుకుంటే సర్వే ఫారాల కోసం ఉన్న కోబోటూల్‌బాక్స్ వాడండి. ఉచితం, తెలుగులో ఫారం పెట్టుకోవచ్చు, సిగ్నల్ లేని చోటా నింపి తర్వాత పంపొచ్చు. గూగుల్ ఫారమ్‌కు నెట్ ఉండాలి కాబట్టి గూడేల్లో ఇబ్బంది. కాగితం మీదైనా నాకు అభ్యంతరం లేదు. ఫోన్ చూస్తూ అడిగేవాళ్ల కంటే ముఖం చూస్తూ అడిగేవాళ్లకే జనం ఎక్కువ చెప్తారు.

7. ఏ ఇళ్లకు పోవాలి

ఎక్కువ ప్రాజెక్టులు ఇక్కడే చెడతాయి. బస్టాండ్ దగ్గర దిగి, సీసీ రోడ్డు వెంట నడిచి, వాకిట్లో మనిషి కనిపించిన ఇంట్లోకల్లా పోయి 60 ఫారాలు నింపుతారు. ఆ 60 ఇళ్లు ఊరు కాదు, రోడ్డు.

ముందు ఊరి పటం గీయించండి. పంచాయతీ ముందు ఖాళీ జాగాలో ముగ్గుపిండి పెట్టి, "అమ్మా, మీ ఊరు గీయండి" అని పదిమంది ఆడవాళ్లను అడగండి. మొదట నవ్వుతారు. తర్వాత ఒకామె వంగి చెరువుకట్ట గీస్తుంది, ఇంకొకామె "అట్ల కాదు, ఇటు రావాలె" అని చెరిపి దిద్దుతుంది. పావుగంటలో ఎస్సీ కాలనీ, ఊరి చివర కొత్తగా వేసిన రేకుల ఇళ్లు, తాళం వేసి వలస పోయిన ఇళ్లు అన్నీ నేల మీద ఉంటాయి. పంచాయతీ రికార్డులో లేని ఇళ్లు కూడా. చెరిగిపోకముందే చార్టు మీద ఎక్కించుకోండి, పైనుంచి ఒక ఫొటో తీసుకోండి.

పటంలో ప్రతి ఇంటికి ఒక నంబర్ వేయండి. 312 ఇళ్లున్నాయి, మీకు 60 కావాలనుకుందాం. 312ను 60తో భాగిస్తే 5.2. అంటే ప్రతి ఐదో ఇల్లు. మొదటి ఇల్లు ఏదో మీరు ఎంచుకోవద్దు. 1 నుంచి 5 దాకా చీటీలు రాసి ఒకటి తీయండి. 3 వస్తే 3, 8, 13, 18... అట్లా పోతే 62 ఇళ్లు వస్తాయి. వాటికే పోవాలి.

- తాళం ఉంటే పక్కింటికి పోవద్దు. వేరే వేరే టైముల్లో మూడుసార్లు పోయి చూడండి. అప్పటికీ లేకపోతే 'దొరకలేదు' అని రాయండి. దొరకని ఇళ్లు ఎన్నో రిపోర్టులో చెప్పాలి
- ఇంట్లో ఎవరిని అడగాలో ముందే తేల్చుకోండి. నీళ్ల సంగతైతే నీళ్లు పట్టే మనిషినే. "ఆమెకేం తెల్సు, నన్నడుగు" అని ఇంటాయన అంటే ఆయన మాటా విని, తర్వాత ఆమెను అడగండి
- ఒకే కాలనీకి ఒకరే కాకుండా మార్చి మార్చి పోండి

8. ఊళ్లో రోజులు

మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు కొత్తేం కాదు. పొద్దున 6 నుంచి 10 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా పని. నడుమ ఎవరింట్లోనో, బడి వరండాలోనో కూర్చుని ఫారాలు సరిచూసుకోండి. తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా ఆ రోజుకు పని ఆపేయండి.

ఎప్పుడూ జంటగా పోండి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాయాలి. జంటలో ఒక అమ్మాయి ఉంటే ఆడవాళ్లు లోపలికి పిలిచి కూర్చోబెడతారు. చీకటి పడ్డాక ఎక్కడున్నారో గైడ్‌కు, ఇంటికి మెసేజ్ పెట్టండి.

సంచిలో ఉండాల్సినవి:

- కాలేజీ లెటర్, ఐడీ కార్డు
- ఫారాలు, రెండు పెన్నులు, అట్ట
- రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, తువ్వాల
- ఇళ్ల జాబితా, పటం జిరాక్స్
- చార్జింగ్ ఉన్న ఫోన్

పిలుపులు జాగ్రత్త. వయసును బట్టి అవ్వా, తాతా, పెద్దమ్మా, కాకా, అక్కా, అన్నా. చాయ్ ఇస్తే తాగండి. గడపలో నిలబడి కాదు, కింద చాప వేస్తే చాప మీద కూర్చుని అడగండి.

రోజూ ఊరు వదిలే ముందు అరగంట కూర్చుని ఆ రోజు ఫారాలన్నీ చూసుకోండి. ఖాళీ గడి కనిపిస్తే రేపే ఆ ఇంటికి పోయి నింపొచ్చు. వారం తర్వాత చూస్తే ఏ ఇల్లో గుర్తుండదు.

నీళ్ల పరీక్ష చేసేవాళ్లకు ఒక మాట. అదే నీళ్లతో బాటిల్ మూడుసార్లు కడిగి నింపండి. ఎప్పుడు, ఏ నల్లా దగ్గర పట్టారో మీద రాయండి. ఫ్లోరైడ్‌కు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. కిట్‌లో రంగు మారిందని ఊళ్లో చెప్పేయకండి, ముందు ల్యాబ్‌లో తేల్చుకోండి.

9. నడుమ వచ్చే చిక్కులు

"మాకేమొస్తది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. "వెంటనే ఏమీ రాదు. తేలింది ఊళ్లోనే చదివి వినిపిస్తం, కాగితం పంచాయతీలో ఇస్తం" అని చెప్పండి. అంతకు మించి ఒక్క మాట ఇవ్వొద్దు.

అడిగిన మనిషి కంటే చుట్టూ చేరినవాళ్లే ఎక్కువ చెప్తుంటే, "అందరం కలిసి సాయంత్రం మాట్లాడుకుందాం" అని సాయంత్రానికి గ్రూపు చర్చ పెట్టండి. అప్పుల ప్రశ్నలు మాత్రం అందరి ముందూ వద్దు.

ఊరి పెద్ద ఎవరైనా మీ వెంటే తిరుగుతానంటే మొదటి రోజు సరే అనండి. రెండో రోజు నుంచి సున్నితంగా తప్పించుకోండి. ఆయన పక్కనుంటే ఎస్సీ కాలనీలో మీకు వినిపించే జవాబులు వేరుగా ఉంటాయి.

టీమ్‌లో ఒకరు ఇంట్లో కూర్చుని ఫారాలు నింపారని తెలిస్తే ఆ ఫారాలన్నీ తీసేయండి. 60లో 12 పోయినా పోనీయండి. 48 నిజం ఫారాలతో మంచి రిపోర్టు రాయొచ్చు.

10. లెక్కలు

ఎక్సెల్ వస్తే చాలు. ఒక ఇంటికి ఒక వరస, ఒక ప్రశ్నకు ఒక నిలువు గడి. ఒకరు చదువుతుంటే ఒకరు ఎక్కించండి. పదింటికి ఒకటి చొప్పున ఫారం తీసి మళ్లీ సరిచూడండి.

- చిన్న సంఖ్యలకు శాతాలు వద్దు. "33.3 శాతం" కాదు, "9 మందిలో 3" అని రాయండి
- సగటు ఒక్కటే ఇవ్వొద్దు. 9 మందికి రెండేసి ఎకరాలు, ఒకరికి 32 ఎకరాలు ఉంటే సగటు 5 వస్తుంది. 5 ఎకరాల రైతు ఆ పదిమందిలో ఒక్కరూ లేరు. చిన్న నుంచి పెద్దకు వరసలో పెట్టి నడుమ వచ్చే అంకె కూడా ఇవ్వండి
- ఎస్సీ కాలనీ, తండా, ఊరి నడుమ ఇళ్లు... విడివిడిగా కూడా లెక్క చూడండి. అంతా కలిపితే తేడాలు మాయమవుతాయి
- మీరు చూసింది ఒక్క ఊరు. 'జిల్లాలో', 'తెలంగాణలో' అని రాయకండి

11. ఊరికి తిరిగి పోయి వినిపించండి

రిపోర్టు రాసేముందే ఇది చేయాలి. చాలామంది వదిలేస్తారు. నేనూ మొదట్లో దీన్ని లాంఛనం అనుకున్నాను.

కౌలు రైతుల అప్పుల మీద పిల్లలు చేసిన ప్రాజెక్టు ఒకటి. చార్టుల మీద పెద్ద అక్షరాలతో రాసుకుని బడి వరండాలో చదువుతున్నారు. "ప్రైవేటు అప్పు మీద వడ్డీ ఏడాదికి సగటున రెండు శాతం" అని ఒకబ్బాయి చదివాడు. స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒక అవ్వ లేచి నిలబడింది. "ఏడాదికా? నెలకు బిడ్డా. రెండు రూపాయలంటే నెలకు. ఏడాదికి రెండే అయితే నా కొడుకు ఎకరం ఎందుకమ్ముతడు?" వరండా అంతా నిశ్శబ్దం. 41 ఫారాల్లో అదే తప్పు. ఆ ఫారాలన్నీ చూసి సంతకం పెట్టింది నేనే. ఆ సాయంత్రం కూర్చుని మొత్తం మళ్లీ లెక్క వేశాం. ఆ అవ్వ లేకపోతే ఆ తప్పు అట్లాగే అచ్చయ్యేది.

అప్పటి నుంచి ఏ ప్రాజెక్టుకైనా ఇది చేయనిదే నేను సంతకం పెట్టను. ఎట్లా చేయాలంటే:

- సాయంత్రం 6 తర్వాత, ఆడవాళ్లు కూడా రాగలిగే చోట. ఎస్సీ కాలనీవాళ్లు, తండావాళ్లు వచ్చి కూర్చోవడానికి జంకే చోటు వద్దు, అవసరమైతే రెండు చోట్ల పెట్టండి
- ఐదు చార్టులు చాలు. ఒక్కోదాని మీద ఒక్కటే సంగతి
- ఎవరి ఇంటి సంగతో పోల్చుకునేట్టు ఏదీ చదవొద్దు. ఊళ్లో ఒకే ఒక్కరికి ఉన్న పరిస్థితిని ఉదాహరణగా చెప్పినా అందరికీ తెలిసిపోతుంది
- ప్రతి చార్టు తర్వాత "ఇది నిజమేనా? తప్పుంటే చెప్పుండ్రి" అని అడిగి, నిజంగా ఆగండి
- వాళ్లు చెప్పిన దిద్దుబాట్లన్నీ రాసుకోండి. రిపోర్టులో వాటికి ఒక పేజీ ఇవ్వండి

12. రిపోర్టు, కాపీలు

పదిహేను ఇరవై పేజీలు చాలు. ప్రశ్న, ఊరు, ఇళ్లు ఎట్లా ఎంచుకున్నారు, ఏం తేలింది, ఊరు ఏం దిద్దింది, మీకు దొరకనిది ఏమిటి. కాలేజీ ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులో ఇవ్వండి. దాంతో పాటు తెలుగులో రెండు పేజీలు పెద్ద అక్షరాలతో రాయండి.

ఊరి పేరు పెట్టాలా వద్దా అన్నది ఊరినే అడగండి. నల్లా టైము మార్పించుకోవాలనుకునే ఊరు తన పేరు కావాలంటుంది. అప్పుల సంగతైతే వద్దంటుంది.

ఆ రెండు పేజీలు పంచాయతీ ఆఫీసులో ఒకటి, మహిళా సంఘానికి ఒకటి, బడిలో ఒకటి ఇవ్వండి. నల్లా దగ్గర మాట్లాడిన ఆమెలాంటి వాళ్లు మీ ప్రాజెక్టులోనూ ఒకరు ఉంటారు. ఆమె ఇంటికి ఒక కాపీ మీరే తీసుకుపోయి, కూర్చుని చదివి వినిపించి రండి.